పాత ఎంజీబీ ఇంజన్: కడిగితే చాలా, హెడ్ దింపాలా, మొత్తం విప్పాలా?

పాత స్పోర్ట్స్ కారు కొన్నవాళ్లలో చాలామంది పెట్టే మొదటి పెద్ద ఖర్చు అవసరం లేనిదే అయ్యుంటుంది. బానెట్ ఎత్తగానే నలభై, యాభై ఏళ్ల జిడ్డూ మడ్డీ కనిపిస్తాయి. ఇంజన్ పని అయిపోయిందని బెంగ పుడుతుంది. వెంటనే బయటికి తీయించి, మొత్తం విప్పించి, రంగు వేయిస్తారు. ఇంకొందరిది దీనికి పూర్తిగా ఎదురు దారి. పైన తళతళలాడేలా కడిగించుకుని, లోపల రింగులు (పిస్టన్ చుట్టూ ఉండే లోహపు పట్టీలు) అరిగిపోయిన ఇంజన్‌ని అలాగే నడిపేస్తుంటారు. పైనున్న మురికి చూసి లోపలి సంగతి తేల్చేయడమే రెండు చోట్లా జరిగిన పొరపాటు. ఏం చేయించాలో గేజీలు (ఇంజన్ లోపలి ఒత్తిడి కొలిచే మీటర్లు) చెప్పాలి. ఆ గేజీలు పెట్టి చూడటానికి సరిపడా మాత్రమే ముందు కడగాలి. ఈ వరసలో వెళ్తే ఎక్కువమందికి ఫుల్ ఇంజన్ పని దాకా వెళ్లే అవసరం రాదు.

ఉదాహరణకి ఎంజీబీనే తీసుకుంటున్నాను. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని అబింగ్డన్ ఫ్యాక్టరీలో 5 లక్షలకు పైగా తయారైన కారు ఇది. అందులో ఎక్కువ భాగం అమెరికాకే వెళ్లింది. అందుకే అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉంటున్న తెలుగువాళ్లు పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొనుక్కుందాం అనుకుంటే అందుబాటు ధరలో తరచూ ఎదురయ్యేది ఇదే. స్పేర్ పార్టులకు కరువు లేదు, కొత్త బాడీ షెల్ కూడా దొరుకుతుంది. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే ఎంజీ ఎస్‌యూవీలకీ దీనికీ బ్యాడ్జ్ తప్ప చుట్టరికం లేదు.

అసలు చుట్టరికం మన అంబాసిడర్‌తో ఉంది. ఎంజీబీలో ఉన్నది బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బీ సిరీస్ ఇంజన్, 1798 సీసీ. దశాబ్దాల పాటు అంబాసిడర్‌లో వచ్చిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ కూడా ఆ కుటుంబానిదే. రెండింటికీ స్ట్రోక్ (పిస్టన్ కిందికీ పైకీ కదిలే దూరం) ఒకటే, 88.9 మి.మీ. బోరు (సిలిండర్ వెడల్పు) మాత్రం అంబాసిడర్‌కి 73 మి.మీ., ఎంజీబీకి 80.26 మి.మీ. పిస్టన్లు ఒకదానివి ఇంకోదానికి వేస్తానంటే కుదరదు. కానీ టాపెట్లు (క్యామ్ నుంచి వాల్వులకు కదలిక అందించే ముక్కలు) సెట్ చేసే తీరు, పుష్ రాడ్లు, పక్కనుండే టాపెట్ కవర్లు, అక్కణ్నుంచి కారే ఆయిలు, ఇవన్నీ అంబాసిడర్ మీద చేయి తిరిగిన మెకానిక్కి కొట్టిన పిండి. ఊళ్లో అలాంటి పెద్దాయన ఎవరైనా తెలిసి ఉంటే, వీడియో కాల్‌లో ఇంజన్ చప్పుడు వినిపించి ఆయన ఏమంటాడో అడగండి. సగం సందేహాలు అక్కడే తీరతాయి.

ముందు ఏ ఇంజనో చూసుకోండి

బ్లాక్ మీద రివెట్ చేసిన చిన్న ప్లేటు ఉంటుంది. దాని మీద 18జీ, 18జీఏ అని మొదలైతే అది మూడు మెయిన్ బేరింగుల తొలి ఇంజన్. 1964 చివర్లో వచ్చిన 18జీబీ నుంచి ఐదు బేరింగులు. 1970ల్లోవి 18వీ. ఇది తెలియకుండా గ్యాస్కెట్ సెట్టు కూడా ఆర్డర్ చేయకండి. మూడు బేరింగుల క్రాంక్‌కి (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) వెనక రబ్బరు సీలు ఉండదు. క్రాంక్ మీద చెక్కిన మరలాంటి గాడి ఆయిల్‌ని మళ్లీ ఇంజన్ లోపలికి తోస్తుంటుంది, అంతే. కాబట్టి వెనక నుంచి కాస్త కారడం దాని స్వభావం. ఆ నాలుగు చుక్కల కోసం ఇంజన్ దింపితే డబ్బు పోతుంది, కారడం మాత్రం ఆగదు. ఐదు బేరింగుల దానికి లిప్ సీలు ఉంటుంది. అది కారుతుంటే మార్చడంలో అర్థం ఉంది.

ఇంజన్ బంగారు రంగులో కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఫ్యాక్టరీ తరఫున రీకండిషన్ చేసి అమ్మిన 'గోల్డ్ సీల్' ఇంజన్లకు ఆ రంగు వేసేవారు. తొలి ఎంజీబీ ఇంజన్లది ముదురు మెరూన్, 1970ల వాటిది నలుపు. రంగు చూస్తే కారు చరిత్ర కొంత తెలుస్తుంది కనుక, ఫొటోలు తీసుకోకుండా ఆ రంగు మీద బ్రష్ కూడా పెట్టకండి.

కడగడం: దేనికోసం కడుగుతున్నారు?

ఇంజన్ కడగడానికి మూడు కారణాలుంటాయి. ఆయిలు ఎక్కణ్నుంచి కారుతోందో కనిపెట్టడం ఒకటి. విప్పని ఇంజన్‌ని చూడ్డానికి బాగుండేలా చేయడం రెండు. విప్పిన భాగాలను మళ్లీ బిగించడానికి సిద్ధం చేయడం మూడు. ఒకదానికి పనికొచ్చే పద్ధతి ఇంకోదానికి హాని చేస్తుంది. షాపువాణ్ని "ఇంజన్ క్లీనింగ్‌కి ఎంత?" అని అడగకండి. ఏ పనికో చెప్పి అడగండి.

లీకు కనిపెట్టడానికైతే కిరసనాయిలు, పాత పెయింట్ బ్రష్, చెక్క గోకుడు పుల్ల, పేలికలు చాలు. నీళ్లతో కడిగేస్తే పోయే డీగ్రీజర్ డబ్బా ఒకటి ఉంటే ఇంకా తేలిక. ఇంజన్ పూర్తిగా చల్లారాలి, బ్యాటరీ తీసేయాలి. 1970ల మధ్య దాకా ఎంజీబీలకు సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలు ఉండేవి, అందుకని వైరు ఎక్కడ విప్పాలో ముందే చూసుకోండి. పెట్రోలుతో కడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గర కారు వదిలి రావద్దు. డిస్ట్రిబ్యూటర్, కాయిల్, డైనమో లేదా ఆల్టర్నేటర్, కార్బరేటర్ నోళ్లు, వీటిని ప్లాస్టిక్ కవరుతో కట్టేయండి. మడ్డి మెత్తబడ్డాక గోకి, తక్కువ ధారతో గార్డెన్ గొట్టంతో కడగండి. ఆరాక కారుని ఓ పది మైళ్లు తిప్పి తెచ్చి టార్చి వేసి చూడండి. కొత్త ఆయిలు మెరుస్తూ కనిపిస్తుంది. బీ సిరీస్‌లో అది ఎక్కువసార్లు కనిపించేది మానిఫోల్డ్ కింద దాగుండే టాపెట్ కవర్ల దగ్గర, ముందున్న టైమింగ్ కవర్ సీలు దగ్గర, రాకర్ కవర్ వెనక మూల దగ్గర. మూడూ ఇంజన్ దింపకుండా మార్చుకోగలిగేవే. ఇంజన్ పాడైందన్న బెంగ చాలామందికి ఇక్కడే తీరిపోతుంది.

ఇదే పనికి హై ప్రెషర్ వాషర్ వాడితే టైమ్ కలిసొస్తుంది గానీ నాకు ఇష్టం ఉండదు. నీళ్లు సీళ్ల అంచులు దాటి లోపలికి పోతాయి. లూకాస్ బుల్లెట్ కనెక్టర్లలోకి దూరి, నెల తర్వాత పచ్చటి చిలుముగా బయటపడతాయి. స్పార్క్ ప్లగ్గుల చుట్టూ నిలిచి మిస్సింగ్ తెప్పిస్తాయి. ఇంజన్ కారులోంచి బయటికి వచ్చేసి, కన్నాలన్నీ మూసి ఉంటే మాత్రం వేడినీళ్ల వాషర్‌ని మించింది లేదు.

ఇక విప్పకుండా అందంగా కావాలనుకునేవాళ్లకి. ఈ మధ్య బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ డ్రై ఐస్ బ్లాస్టింగ్ బాగా పుంజుకుంది. మైనస్ 78.5 డిగ్రీల ఘన కార్బన్ డయాక్సైడ్ గుళికల్ని గాలితో కొడతారు. ఆ చలికి జిడ్డు బిరుసెక్కి పెళుసుగా రాలిపోతుంది. గుళిక అక్కడికక్కడే ఆవిరైపోతుంది కనుక నీరూ మిగలదు, ఇసుకా మిగలదు. పాత రంగు, స్టిక్కర్లు, ప్లేటింగు దాదాపుగా చెక్కు చెదరకుండా ఉంటాయి. కానీ తుప్పు పోదు. బిల్లు కూడా గట్టిగానే ఉంటుంది. 1962 నుంచి ఎవరూ ముట్టని ఒరిజినల్ కారు మీ దగ్గర ఉంటే ఆ డబ్బు దండగ కాదు. రెండుసార్లు రంగు మారిన మామూలు 1974 కారుకి కిరసనాయిలే చాలు. ఇంట్లో చేయించుకుంటే గ్యారేజి తలుపులు బార్లా తెరిచి ఉంచాలి, ఆ గ్యాసు గదిలో నిండితే ఊపిరాడదు.

విప్పిన భాగాల సంగతి వేరు. ఇనుప బ్లాక్‌ని లేత్ షాపువాళ్లు కాస్టిక్ తొట్టెలో వేడిగా ఉడికిస్తారు. పాత రంగు, కార్బన్, మడ్డి మొత్తం ఊడొస్తాయి. నీళ్ల దారిలో నాలుగో సిలిండర్ వెనక పేరుకున్న బురద, తుప్పు పొరలు కూడా కదులుతాయి. పాత బీ సిరీస్ ఊరికే వేడెక్కిపోతుంటే అసలు దొంగ చాలాసార్లు రేడియేటర్ కాదు, ఈ బురదే. బ్లాక్ పక్కనున్న డ్రెయిన్ ట్యాప్ తిప్పితే చుక్క కూడా రాకపోతే లోపల ఎంత ఉందో ఊహించుకోండి. తొట్టెలో వేసేముందు కోర్ ప్లగ్గులు (నీళ్ల దారి బిళ్లలు), ఆయిల్ గ్యాలరీ (బ్లాక్ లోపలి ఆయిల్ దారి) ప్లగ్గులు అన్నీ తీయించాలి. అవి తీయకుండా ఉడికించి ఇచ్చే షాపుకి దండం పెట్టి బయటికి వచ్చేయండి. ఇంటికి తెచ్చుకున్నాక గ్యాలరీల్లోకి పొడుగాటి బ్రష్‌లు దూర్చి సబ్బు నీళ్లతో తోమి, గాలి కొట్టి, వెంటనే ఆయిలు పూయండి. ఒట్టి పోత ఇనుము పూటలోనే తుప్పు పూస్తుంది.

ఆ తొట్టెలోకి అల్యూమినియం ఏదీ పోకూడదు. ఎస్‌యూ కంపెనీ కార్బరేటర్ బాడీలు కాస్టిక్‌లో వేస్తే కరిగి పాడైపోతాయి. వాటికి అల్ట్రాసోనిక్ బాత్ గానీ, నీళ్లలో కలిపిన గాజు పూసలతో కొట్టే వేపర్ బ్లాస్టింగ్ గానీ సరైనది. వేపర్ బ్లాస్టింగ్ తర్వాత అల్యూమినియం కొత్తదానిలా, సిల్కు మెరుపుతో వస్తుంది. డాష్‌పాట్ (కార్బరేటర్ పైనుండే గుండ్రటి గిన్నె) లోపలి గోడ మీద మాత్రం కొట్టించకండి, పిస్టన్ అందులో వెంట్రుకవాసి సందుతో జారుతుంది. పొడి ఇసుకతోనో గాజు పూసలతోనో హెడ్‌ని (సిలిండర్ల మీద మూతలా బిగించే భాగం), బ్లాక్‌ని బ్లాస్ట్ చేయించడం నేనైతే ఎప్పుడూ వద్దంటాను. గ్యాలరీలో ఒక్క పూస మిగిలినా కొత్త బేరింగ్ షెల్స్‌ని గీరేస్తుంది. బేకింగ్ సోడాతో బ్లాస్ట్ చేస్తే ఆ ప్రమాదం తక్కువ, మిగిలింది నీళ్లలో కరిగిపోతుంది. కాకపోతే బాగా కడగకుండా రంగు వేస్తే పెచ్చులూడుతుంది.

కడిగేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. ఇది డబ్బు సంగతి కాదు, ఊపిరితిత్తుల సంగతి. ఆ కాలపు గ్యాస్కెట్లలో, క్లచ్ ప్లేటులో ఆస్బెస్టాస్ ఉండేది. బ్రిటన్‌లో దాన్ని పూర్తిగా నిషేధించింది 1999లో. పాత గ్యాస్కెట్‌ని వైరు బ్రష్‌తో పొడిగా గీకడం, బెల్ హౌసింగ్‌లో దుమ్ముని గాలితో ఊదడం చేయకండి. తడిపి, మాస్క్ పెట్టుకుని, తుడిచిన గుడ్డని కవర్లో మూటకట్టి పారేయండి.

గేజీలు ఏం చెబుతున్నాయి

లీకులు తెలిశాయి. ఇప్పుడు లోపలి సంగతి. ఇంజన్ వేడెక్కించి, నాలుగు ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ చూడండి. 8.8 కంప్రెషన్ రేషియో ఉన్న ఇంజన్‌కి 160 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గర ఉండాలి. అమెరికాకి వెళ్లిన తక్కువ కంప్రెషన్ ఇంజన్లకు 130 దగ్గర. అంకె కన్నా తేడా ముఖ్యం. నాలుగూ 140 ఉంటే ఆ ఇంజన్‌ని అలా వదిలేయొచ్చు. మూడు 160, ఒకటి 95 అంటే పని ఉంది. ఆ సిలిండర్‌లో చెంచాడు ఇంజన్ ఆయిలు పోసి మళ్లీ చూడండి. అంకె లేస్తే రింగులు అరిగాయి, లేవకపోతే వాల్వుల దగ్గర పోతోంది. పక్కపక్కనున్న రెండు ఒకేసారి పడిపోతే రెంటి మధ్య హెడ్ గ్యాస్కెట్ కాలిందని అనుమానించాలి.

లీక్ డౌన్ టెస్టర్ దొరికితే ఇంకా మంచిది. సిలిండర్‌లోకి గాలి పంపి చెవి పెట్టడమే. కార్బరేటర్‌లోంచి బుస్సుమంటే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్‌లోంచి అయితే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిలు పోసే మూత దగ్గర అయితే రింగులు, రేడియేటర్‌లో బుడగలొస్తే గ్యాస్కెట్ లేదా హెడ్‌లో పగులు.

మిగిలింది ఆయిల్ ప్రెషర్. ఫుల్ ఇంజన్ పనా కాదా అన్నది నిజంగా తేల్చేది ఇదే. బాగా వేడెక్కిన ఇంజన్‌కి రోడ్డు మీద 50 నుంచి 80 పీఎస్ఐ, ఐడిల్‌లో 10 నుంచి 25. ఐడిల్‌లో 15 చూసి టెన్షన్ పడేవాళ్లు చాలామంది, అది మామూలే. వేడి మీద 3000 ఆర్‌పీఎమ్‌లో 40 కూడా దాటకపోతే ఆలోచించాలి. అప్పుడు కూడా ముందు డాష్‌బోర్డ్ గేజీని నమ్మకుండా వేరే గేజీ తగిలించి చూడండి, ఆ తర్వాత రిలీఫ్ వాల్వ్ స్ప్రింగు చూడండి. స్ప్రింగుతో పోయేదానికి క్రాంక్ గ్రైండ్ చేయించినవాళ్లున్నారు.

పొగ కూడా సాక్ష్యమే గానీ, దాన్ని ఒక్కదాన్నే నమ్మకూడదు. పొద్దున స్టార్ట్ చేసినప్పుడూ, దిగుడులో యాక్సిలరేటర్ వదిలినప్పుడూ నీలంగా కొడితే వాల్వ్ గైడ్లు. లోడు మీద ఎప్పుడూ కొడితే రింగులు. నల్లగా వస్తే ఇంజన్ జోలికే పోకుండా కార్బరేటర్లు చూసుకోండి.

హెడ్ పనా, రింగుల పనా, ఫుల్ ఇంజనా?

ఆయిల్ ప్రెషర్ బాగుండి, సిలిండర్‌లో ఆయిలు పోసి చూసిన పరీక్షలో అంకె లేవకపోతే హెడ్ ఒక్కటి దింపండి. ఎంజీబీలో ఇది ఇంజన్ కారులో ఉండగానే అయ్యే పని. పనిముట్లుంటే రెండు రోజుల్లో అయిపోతుంది. నట్లు ఎక్కువగా యూఎన్‌ఎఫ్ (అంగుళాల కొలతల మరలు), కాబట్టి ఇంచీల స్పానర్లు కావాలి. హాఫ్ ఇంచి నట్టుకి 13 ఎం.ఎం. స్పానర్ వేస్తే పట్టినట్టే ఉండి మూలలు గుండ్రంగా అరగదీస్తుంది. హెడ్‌ని లేత్ షాపులో పగుళ్ల కోసం పరీక్ష చేయించాలి. ఈ హెడ్‌లో 2, 3 సిలిండర్ల ఎగ్జాస్టులు మధ్యలో ఒకే దారి పంచుకుంటాయి, వేడి అక్కడే ఎక్కువ. బీటలు కూడా ఎక్కువగా ఆ చుట్టుపక్కల వాల్వ్ సీట్ల మధ్యే వస్తాయి. హెడ్ ఫేసింగ్, కొత్త గైడ్లు, వాల్వ్ సీటింగ్, రాకర్ షాఫ్ట్ అరిగితే అది. అయ్యాక టాపెట్లు 0.015 అంగుళానికి సెట్ చేసుకోవడం, కొన్ని వందల మైళ్ల తర్వాత నట్లు మళ్లీ బిగించి చూసుకోవడం.

హెడ్ దిగినప్పుడే తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ ఇంజన్లు సీసం కలిపిన పెట్రోలుకి చేసినవి. బ్రిటన్‌లో 1999 ముగిసేసరికి ఆ పెట్రోలు పోయింది, ఇండియాలో 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేనిదే. సీసం లేకపోతే మెత్తటి పోత ఇనుప సీటులోకి ఎగ్జాస్ట్ వాల్వు మెల్లగా దిగిపోతుంది. గట్టి ఉక్కు సీట్లు వేయిస్తే ఆ బెంగ ఉండదు. అయితే దీనికోసమని బాగున్న హెడ్ దింపకండి. ఆదివారం పూట నెమ్మదిగా తిప్పే కారుకి ఏళ్లు పడుతుంది ఆ అరుగుదల. టాపెట్ గ్యాప్ తరచూ తగ్గిపోతుంటే అప్పుడు అది మొదలైందని అర్థం. ఎలాగూ హెడ్ లేత్ షాపుకి వెళ్లింది కదా, అప్పుడు వేయించేయండి.

పాత హెడ్ పగిలిపోయి ఉంటే కొత్త అల్యూమినియం హెడ్ మంచి మార్గం. బరువు తగ్గుతుంది, వేడి త్వరగా వదులుతుంది, గట్టి సీట్లతోనే వస్తుంది. కానీ కూలెంట్ పట్ల అశ్రద్ధ దానికి పడదు. ఉత్త నీళ్లు పోసి తిప్పే అలవాటుంటే అల్యూమినియం తినేస్తుంది. పాతది బాగుంటే నేను ఇనుపదాన్నే ఉంచుతాను.

రింగుల పని గురించి. హెడ్ ఎలాగూ దిగింది కదా, సంప్ (ఇంజన్ అడుగున ఆయిలు నిలిచే తొట్టె) కూడా విప్పి కొత్త రింగులు వేసేద్దాం అనిపిస్తుంది. మెకానిక్కులు కూడా చెబుతారు, హాఫ్ ఇంజన్‌తో సరిపోతుందని. నాకు ఇది అన్నిటికన్నా నచ్చని దారి. ఎంజీబీలో ఇంజన్ కారులో ఉండగా సంప్ తీయాలంటే క్రాస్ మెంబర్ అడ్డం, నానా అవస్థ. పైగా బోరు పైఅంచున పాత రింగు వదిలేసిన గట్టు ఉంటుంది, కొత్త రింగు దాన్ని గుద్దుకుని విరుగుతుంది. బోరు కొలిచి, కోలగా అరగలేదని తేలితేనే హోనింగ్ చేసి రింగులు వేయడంలో అర్థం ఉంది. కొలవకుండా వేస్తే కొద్దికాలానికే మళ్లీ పొగ కొడుతుంది.

రింగులు పోయి, ఆయిల్ ప్రెషర్ కూడా పడిపోయిందా? ఇక తప్పదు, ఇంజన్ బయటికి రావాల్సిందే. అప్పుడు పిసినారితనం చేయకండి. బోరు 0.020 లేదా 0.040 అంగుళం పెంచి కొత్త పిస్టన్లు, క్రాంక్ గ్రైండింగ్, కొత్త షెల్స్, క్యామ్ బేరింగులు, ఆయిల్ పంపు. క్యామ్ మారిస్తే టాపెట్లు తప్పకుండా కొత్తవే వేయాలి, పాత టాపెట్ కొత్త క్యామ్‌ని వారాల్లో తినేస్తుంది. 1970ల ఇంజన్‌కి టైమింగ్ చైన్ సింగిల్ ఉంటే డబుల్‌కి మార్చుకోవచ్చు. ఎంజీబీలో క్లచ్ మార్చాలన్నా ఇంజన్ దింపాల్సిందే కనుక, క్లచ్, రిలీజ్ బేరింగ్, వెనక సీలు, కోర్ ప్లగ్గులు, మౌంటింగులు అప్పుడే అయిపోవాలి. ఈసారి వదిలేసిన పది పౌండ్ల సీలు కోసం మళ్లీ ఇంజన్ మొత్తం దింపడం ఎందుకు?

సొంత బ్లాక్ చేయించుకోవడమా, రీకండిషన్డ్ ఇంజన్‌తో మార్చుకోవడమా? రెండోది త్వరగా అయిపోతుంది. కానీ అమ్మేవాణ్ని బోరు, క్రాంక్ కొలతలు రాతపూర్వకంగా అడగండి, ఏ క్యామ్ వేశాడో అడగండి. "మొత్తం కొత్తదే సార్" అన్న మాట చాలదు. మీది 18జీ, 18జీఏ ఇంజన్ అయితే, ముఖ్యంగా బయటికి లాగే తలుపు హ్యాండిళ్లున్న తొలి కారైతే, ఆ బ్లాక్‌ని ఎక్స్చేంజ్‌లో ఇవ్వకండి. నెంబరు కలిసిన తొలి ఇంజన్‌కి ఉన్న విలువ తర్వాత కొనుక్కోలేరు. 1976 కారుకైతే ఆ పట్టింపు అక్కర్లేదు.

కార్బరేటర్లు, పాయింట్లు

"ట్యూనింగ్ కుదరట్లేదు, రెండు ఎస్‌యూలు తీసేసి ఒక వెబర్ (ఇంకో కంపెనీ కార్బరేటర్) పెట్టేయండి" అనే సలహా తరచూ వినిపిస్తుంది. ఎక్కువ సందర్భాల్లో తప్పు ఎస్‌యూది కాదు, థ్రాటిల్ స్పిండిల్ అరిగి పక్కనుంచి గాలి పీల్చడం వల్ల ఐడిల్ నిలవదు. స్పిండిల్‌ని అటూ ఇటూ కదిపి చూస్తే వదులు తెలిసిపోతుంది. కొత్త బుష్‌లు, స్పిండిళ్లు, జెట్లు, సూదులు వేస్తే మళ్లీ కొత్తదే. ఎస్‌యూ పేరుతో కొత్త కార్బరేటర్లు ఇంగ్లండ్‌లోని సాల్స్‌బరీలో బర్లెన్ వాళ్లు ఇప్పటికీ తయారుచేస్తున్నారు. డాష్‌పాట్, అందులోని పిస్టన్ జత కలిసి వచ్చేవి. కడిగేటప్పుడు ముందు కార్బరేటర్‌దీ వెనకదీ కలిపేయకండి. వెబర్ డీసీఓఈ రేసుకి బాగుంటుంది. ఊళ్లో తిరగడానికి జెట్లు మార్చుకుంటూ కూర్చోవాలి, ఎయిర్ ఫిల్టర్‌కి చోటు కూడా చాలదు. 1975 నుంచి అమెరికా కార్లకి వచ్చిన ఒంటి జెనిత్ స్ట్రాంబర్గ్ తీసి రెండు ఎస్‌యూలు పెట్టడం మాత్రం ఖర్చుకి తగ్గ మార్పే. మీ రాష్ట్రంలో ఎమిషన్ రూల్స్ ఒప్పుకుంటాయో లేదో ముందు చూసుకోండి.

పాయింట్లా (డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుని మూసుకునే పాత స్విచ్), ఎలక్ట్రానిక్ ఇగ్నిషనా అంటే రోజూ తిప్పేవాళ్లకి ఎలక్ట్రానిక్. డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ బుష్ అరిగిపోయి ఉంటే ఏ మాడ్యూల్ పెట్టినా టైమింగ్ ఊగుతూనే ఉంటుంది, కనుక ముందు అది. 1967 చివర్లో మార్క్ 2 వచ్చేదాకా ఎంజీబీలన్నీ పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ వైరు బాడీకి ఉండేది. మాడ్యూల్ కొనేముందు బ్యాటరీలో ఏ వైరు బాడీకి బిగించి ఉందో కళ్లారా చూడండి. తిరగేసి కలిపితే మాడ్యూల్ క్షణంలో మాడిపోతుంది. పాత పాయింట్లు, కండెన్సర్ డిక్కీలో పెట్టుకోండి. మాడ్యూల్ దారిలో ఆగిపోతే బాగుచేయలేం, పాయింట్లు అయితే ఫీలర్ గేజితో 0.015 అంగుళానికి సెట్ చేసుకుని ఇంటికి చేరొచ్చు.

పెట్రోలు, ఆయిలు

పెట్రోల్లో ఇథనాల్ పాత రబ్బరు గొట్టాల్ని మెత్తబరిచి పగలగొడుతుంది. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలు ఈ10 (10 శాతం దాకా ఇథనాల్), సూపర్ గ్రేడ్ ఈ5. అక్కడుంటే సూపర్ పోయించండి. అమెరికాలో ఎక్కువ బంకుల్లో ఈ10 ఉంటుంది, ఇండియాలో ఇప్పుడు ఈ20. ఆ రెండు చోట్లా ఇథనాల్ తట్టుకునే గొట్టాలు వేయడం తప్పనిసరి, ఎందుకంటే ఈ కారులో ఫ్లోట్ చాంబర్ కింద ఉండేది వేడి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్. ఇంజన్ మీద ఎంత ఖర్చు పెట్టినా, ఆ గొట్టం పగిలితే మంటే.

ఆయిలు 20డబ్ల్యూ50 మినరల్, అందులో జింక్ సరిపడా ఉన్నది. ఈ కాలపు కార్ల కోసం చేసిన పల్చటి సింథటిక్ దీని సీళ్లలోంచి కారిపోతుంది, అందులో జింక్ తక్కువ ఉండటం వల్ల క్యామ్ కూడా అరుగుతుంది. కొత్త క్యామ్ వేసిన ఇంజన్‌ని మొదటిసారి స్టార్ట్ చేసేముందు ప్లగ్గులు తీసి స్టార్టర్‌తో తిప్పుతూ గేజీలో ప్రెషర్ లేచేదాకా ఆగండి. ఆ తర్వాత ప్లగ్గులు పెట్టి స్టార్ట్ చేసి, ఐడిల్‌కి వదలకుండా 2000–2500 ఆర్‌పీఎమ్ మధ్య ఓ ఇరవై నిమిషాలు నడపాలి. రేడియేటర్‌లో నీళ్లు, కార్బరేటర్‌లో పెట్రోలు, టైమింగ్, అన్నీ ముందే చూసుకుని ఉండాలి. ఆ ఇరవై నిమిషాల్లో ఇంజన్ ఆపి ఏదో సరిచేసుకునే వీలు ఉండదు. పక్కన ఒక మనిషి, చేతికందే దూరంలో ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉంచుకోండి. మొదటి ఆయిలు 500 మైళ్లకే మార్చేయండి, ఫిల్టర్‌తో సహా.